ఇరవై ఎనిమిదో నంబరు టీచరు

స్టాఫ్ రూమ్, కిటికీ పక్క బల్ల
జూన్ రెండో వారం

వదినా,

ముందు గొడుగు సంగతి తేల్చేస్తాను. నీ మెరూన్ రంగు గొడుగు నా దగ్గర లేదు. నువ్వు ఈ బడి మానేసి, అన్నయ్య బదిలీ వెంట ఆ ఊరు వెళ్లిపోయి ఆరేళ్లయింది. ఆరేళ్లుగా ఇదే చెబుతున్నాను. ఫోన్ చేసుకుంటే మూడో నిమిషానికల్లా గొడుగు దగ్గరికొచ్చి తగువు పడుతున్నామనే కదా ఉత్తరాలు మొదలుపెట్టాం. ఉత్తరంలో అయితే నువ్వు మధ్యలో అడ్డు తగల్లేవు. ఆ సుఖమే వేరు.

ఇప్పుడు అసలు కబురు. నేను ఫైనలియర్‌లోకి వచ్చేశాను! టీచర్ల కోసం పెట్టిన ఆ శని, ఆదివారాల ఎమ్మెస్సీలో, గణితమూ కంప్యూటరూ కలిపి, అన్ని పేపర్లూ గట్టెక్కాను. నలభై ఆరేళ్ల వయసులో హాల్‌టికెట్ పట్టుకుని పరుగెత్తడమంటే ఏమిటో నన్ను చూసి నేర్చుకోవాలి. మా క్లాసు చూస్తే నీకు నవ్వాగదు. ముప్ఫయి మందిమీ టీచర్లమే. వారమంతా పిల్లల్ని “నోరు ముయ్యండి” అని అరిచే వాళ్లమా, శనివారం మధ్యాహ్నం బెంచీల మీద కూర్చోగానే ఒకటే గుసగుసలు. ఒక పొడుగు సైన్సు మాస్టారున్నారు, రిటైర్‌మెంటుకి రెండేళ్లుంది. ఆయన బయటికెళ్లాలంటే చిటికెనవేలు చూపిస్తారు. నేను వెనక బెంచీలో పట్టుబడి ఒకసారి నిలబడ్డాను కూడా. చచ్చేంత సిగ్గేసింది, చెప్పుకోలేనంత సరదా వేసింది.

ఇక మిగిలింది ప్రాజెక్టు ఒక్కటే. నవంబరు ఆఖరుకి ఇవ్వాలి. నా రిజిస్ట్రేషన్ గడువూ అప్పటికే అయిపోతుంది. అది దాటితే నాలుగేళ్ల మార్కులూ గాల్లో కలిసిపోతాయి, మళ్లీ మొదటి పేపరు నుంచి రాయాలి. మళ్లీ రాసే ఓపిక నాకు లేదు, ఒట్టు.

అందుకే నాకు తెలిసిన సంగతే ఎంచుకున్నాను. మన బడి టైమ్ టేబుల్! నువ్వు దుప్పటంత ఛార్టు మీద పెన్సిలుతో వేసి వెళ్లావే, నేను ఏటా పేర్లు మార్చి దించుతున్నానే, దాన్ని కంప్యూటరే తయారుచేసేలా ప్రోగ్రామ్ రాస్తున్నాను. వదినగారి మూడు వారాల చాకిరీ మూడు నిమిషాల్లో. కుళ్లుకో.

నీ ఆడపడుచు


బాల్కనీ, ఆరిన బట్టల మధ్య
జులై

ఆడపడుచు గారికి,

పాసయ్యావని తెలిసి మీ అన్నయ్య వీధంతా చెప్పొచ్చారు. ఇస్త్రీ అతను నన్ను “మీ మరదలుగారు డాక్టరట కదా” అని అడిగాడు. ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో నాకు తెలియదు, నేను కాదనలేదు.

నిన్ను చూస్తే గర్వంగా ఉంది. ఈ మాట ఒక్కసారే రాస్తాను, దాచుకో. మళ్లీ అడిగితే రాయను.

కానీ ఆ టైమ్ టేబుల్ ఎందుకే? లోకంలో ఇంకేమీ దొరకలేదా? లైబ్రరీ పుస్తకాల మీద రాసుకో. పిల్లల హాజరు మీద రాసుకో. పదో తరగతి మార్కులు ఉన్నాయి, వాటితో రంగురంగుల పటాలు గీసుకోవచ్చు. ఆ ఛార్టు పాతది, గజిబిజిగా ఉంటుంది. నాకే సరిగ్గా గుర్తులేదు. దాని జోలికెళ్లి నీ టైమ్ పాడుచేసుకోకు.

గొడుగు నీ దగ్గరే ఉంది. ఒక ఊచ విరిగితే ఆకుపచ్చ దారంతో కట్టాను, ఆ కట్టు చూసైనా గుర్తుపట్టు.

వదిన


వంటింటి గట్టు, లాప్‌టాప్ పక్కన
ఆగస్టు

వదినా,

ప్రోగ్రామ్ రాశాను. పద్నాలుగు వందల లైన్లు! దేవుడా, నేనా రాసింది! నొక్కాను. తిరగడం మొదలుపెట్టింది. అన్నం వండాను, తిరుగుతోంది. తిన్నాం, తిరుగుతోంది. బట్టలు మడతపెట్టాను, మా ఆయన వచ్చి “ఇది ఇంకా ఉడకలేదా?” అని అడిగి వెళ్లారు. ఆదివారం పొద్దున మొదలుపెట్టింది మంగళవారానికీ తిరుగుతూనే ఉంది. ఆపి, తప్పులు వెతికి, మళ్లీ నొక్కాను. మళ్లీ అదే తంతు. నెల రోజులుగా మా ఇంట్లో ఆ లాప్‌టాప్ ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదు.

మా గైడు నాకంటే పదేళ్లు చిన్న. నోట్లో నాలుక లేనట్టు ఉంటాడు గానీ, ఒక్క మాట అంటే చాలు, వారం రోజులు బుర్రలో తిరుగుతుంది. నా ప్రోగ్రామంతా చదివి, “మేడమ్, ఇందులో తప్పు కనబడటం లేదు. మీరిచ్చిన వివరాలు నిజంగా బడిలో ఉన్నవేనా?” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పదిహేనేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్నాను, నా బడి నాకు తెలియదా!

అయినా ఇంటికొచ్చి నీ ఛార్టు పరిచాను. ప్రోగ్రామ్‌లోకి నేను టీచర్లను హాజరు పట్టీ చూసి ఎక్కించాను. పెద్దసారుతో కలిపి ఇరవై ఏడుగురం. నీ ఛార్టులో ఇరవై ఎనిమిది నంబర్లున్నాయి! ఆ ఇరవై ఎనిమిదో నంబరుకి వారమంతటికీ ఒక్కటే క్లాసు. గురువారం ఆరో పీరియడ్, ఎనిమిది-బి. పేరు రాసే గడిలో నీ చేత్తోనే “వస్తారు” అని ఉంది. ఆరేళ్లుగా నేను ఆ “వస్తారు”ను కూడా అందంగా దించుతున్నాను. నేను అది సంగీతం టీచరనుకున్నాను. ఆవిణ్ణి అడిగితే డ్రాయింగు మాస్టారనుకున్నానంది. ఆయన డ్రిల్లు సారనుకున్నాట్ట. డ్రిల్లు సారు నన్నే అనుకున్నాట్ట!

ఎవరు వదినా ఈ ఇరవై ఎనిమిది?

నీ ఆడపడుచు


బాల్కనీ
సెప్టెంబరు మొదట్లో

అమ్మాయీ,

ఏదో రాసుంటాను. ఎప్పటి మాటో. నువ్వు నీ ప్రోగ్రామ్‌లో ఇరవై ఎనిమిదిమంది టీచర్లని పెట్టేసుకో, వెంటనే పనైపోతుంది. ఎవరు వచ్చి లెక్కపెడతారు? ప్రాజెక్టు ఇచ్చేసి డిగ్రీ తెచ్చుకో.

ఇక్కడ కొత్త కర్టెన్లు కొన్నాం, రంగు బాగుంది. మీ అన్నయ్యకు జలుబు. ఉంటాను.

వదిన


స్టాఫ్ రూమ్, అదే బల్ల, కానీ నేను కూర్చోలేక నిలబడి రాస్తున్నాను
సెప్టెంబరు, గురువారం, ఏడో పీరియడ్

వదినా! వదినా! వదినా!

కర్టెన్ల గురించి రాసిన మనిషివి నువ్వేనా! గొడుగు మాట ఎత్తకుండా నువ్వు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. అది చదివాకే నాకు అనుమానం వచ్చింది.

ఇవాళ ఆరో పీరియడ్ నాకు ఖాళీ. ఎనిమిది-బి వైపు వెళ్లాను. వరండా అంతా నిశ్శబ్దం. నువ్వు వెళ్లినప్పటి నుంచీ మన పెద్దసారుకి ఈ క్లాసంటే ప్రాణం. “గురువారం మధ్యాహ్నం ఎనిమిది-బిని చూసి నేర్చుకోండి, చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది” అని ఏటా ప్రార్థన దగ్గర అందరికీ చెబుతారు. కిటికీలోంచి తొంగిచూశాను.

టీచరు లేరు. నలభై ఒక్కమంది పిల్లలు తలలు వంచుకుని రాసుకుంటున్నారు. టీచరు కుర్చీ కాస్త పక్కకి జరిపి ఉంది, టీచరు ఇప్పుడే లేచి బయటికెళ్లారన్నట్టు. కుర్చీ వీపుకి ఒక గొడుగు తగిలించి ఉంది. మెరూన్ రంగు. ఒక ఊచకి ఆకుపచ్చ దారం కట్టు.

ఆరేళ్లు వదినా! ఆరేళ్లు నువ్వు నన్ను దొంగను చేశావు!

లోపలికెళ్లాను. పిల్లలు బిక్కచచ్చిపోయారు. లీడరు లేచి నిలబడి అంతా చెప్పేసింది. అప్పట్లో ఒక లెక్కల టీచరు ప్రతి గురువారం వచ్చేవారట. ఒకరోజు బోర్డు మీద ఒక లెక్క వేసి, “ఇది అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు, వచ్చేవారం వచ్చి జవాబు చూస్తా” అని గొడుగు మరచిపోయి వెళ్లారట. ఇక రాలేదట. ఆ ఏడాది పిల్లలు తొమ్మిదికి వెళ్తూ గొడుగునీ లెక్కనీ కింది తరగతికి అప్పగించారట. వాళ్లు ఆ తర్వాతి వాళ్లకి. ఇలా ఇది ఆరో జట్టు. లెక్క చెరిగిపోతుంటే మళ్లీ దిద్దుతారట. ఏ టీచరుకీ చెప్పకూడదని ఒట్టు కూడా ఉందట!

లెక్క ఏమిటో గుర్తుందా? “పదిహేను చుక్కలు పెట్టండి. ప్రతి చుక్కనీ సరిగ్గా మరో మూడు చుక్కలతో గీతలు గీసి కలపండి.” నోటుబుక్కులు తీయించి చూశాను. పేజీలకు పేజీలు సాలెగూళ్లు. ఆరేళ్లుగా ఒక్కరికీ రాలేదు. ఎప్పుడూ ఒక చుక్క మిగిలిపోతుందట.

మూడో బెంచీ చివర ఒక బక్కపిల్ల కూర్చుంది. దాని పుస్తకంలో గీతల్లేవు. నాలుగే వాక్యాలు: “ఒక్కో గీతకి రెండు చివరలు. కాబట్టి చివరలన్నీ కలిపితే సరిసంఖ్య రావాలి. పదిహేను మూళ్లు నలభై ఐదు. టీచరు తప్పు వేశారు.”

“మరి అందరికీ చెప్పలేదేం?” అని అడిగాను.

“చెప్తే లెక్క అయిపోతుంది కదా టీచర్. అయిపోతే అందరూ మాట్లాడతారు. మాట్లాడితే మీరొస్తారు” అంది.

నేను అక్కడి నుంచి స్టాఫ్ రూమ్‌కి పరుగెత్తాను వదినా, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, నిజంగా పరుగే. ఎందుకంటే ఆ పిల్ల గీయకుండా ముందు లెక్కపెట్టింది. నేను లెక్కపెట్టకుండా పద్నాలుగు వందల లైన్లు రాశాను! కూర్చుని గుణించాను. పద్దెనిమిది సెక్షన్లు, వారానికి నలభై రెండు పీరియడ్లు. ఏడువందల యాభై ఆరు. ఇరవై ఆరుగురు టీచర్లం, ఒక్కొక్కరికి ఇరవై తొమ్మిదికి మించి ఇవ్వకూడదని రూలు. ఏడువందల యాభై నాలుగు. పెద్దసారు వారానికి ఒకే ఒక్క క్లాసు తీసుకుంటారు. ఏడువందల యాభై ఐదు.

ఒక్కటి తక్కువ. ఈ బడికి టైమ్ టేబులే లేదు! లేనిదాని కోసం నా లాప్‌టాప్ నెలంతా తిరిగింది, పాపం పిల్లల్లాగే. ఆరో తరగతి పిల్ల చేసే గుణకారం, ఎమ్మెస్సీ ఫైనలియర్ లెక్కల టీచరుకి తట్టలేదు. నవ్వి నవ్వి ఏడ్చాను. సంగీతం టీచరు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

ఇప్పుడు చెప్పు. నువ్వేం చేశావు?

నీ ఆడపడుచు (దొంగ కాదు)


డైనింగ్ టేబులు, మీ అన్నయ్య ఆఫీసుకి వెళ్లాక
సెప్టెంబరు చివర

అమ్మాయీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి గొడుగు దొరికిందని సంబరపడ్డాను. రెండోసారి ఏడ్చాను. మూడోసారి పదిహేను అన్న అంకె చూసి తల బాదుకున్నాను. అది పదహారే, పదహారు వెయ్యబోయి పదిహేను వేశాను. గంట కొట్టేశారన్న కంగారు.

దాచి లాభం లేదు, చెబుతున్నాను. ఎనిమిదేళ్ల కిందట ఆ ఛార్టుతో మూడు వారాలు కుస్తీ పట్టాను. అన్నీ నిండాయి, ఒక్క గడి తప్ప. అది ఎక్కడికి జరిపినా ఇంకోచోట తేలేది. పెద్దసారుని అడిగితే “వచ్చే నెల ఇంకో టీచరు వస్తారు, అంతదాకా ఏదో ఒకటి వెయ్యండి” అన్నారు. ఇరవై ఎనిమిది అని వేసి, “వస్తారు” అని రాశాను. నెలలు గడిచాయి, ఎవరూ రాలేదు. ఆయనా ఆ మాట మరచిపోయారు. ఆలోపు ఆయన అందరి ముందూ నా ఛార్టుని నెత్తిన పెట్టుకుని పొగిడారు. ఇంక నా నోరు పెగల్లేదు. ఆ గురువారం నా ఖాళీ పీరియడ్‌లో నేనే వెళ్లి కూర్చున్నాను. రెండేళ్లు. పాఠం కాదు, ఉత్తినే లెక్కలతో ఆడుకునేవాళ్లం. నా ఉద్యోగం మొత్తంలో నాకు అంత ఇష్టమైన నలభై నిమిషాలు ఇంకెక్కడా లేవు.

తరవాత మీ అన్నయ్య బదిలీ కాగితం వచ్చింది. మూడు రోజుల్లో బయలుదేరాం. ఛార్టు నీ చేతికిస్తూ చెబుదామనుకున్నాను. చెబితే నా ఛార్టు తప్పని తెలిసిపోతుంది. నువ్వు నన్ను గొప్ప లెక్కల మనిషి అనుకునేదానివి, ఆ పేరు పోతుందని భయం. ఎవరో ఒకరు చూసుకుంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వాళ్లకి మాత్రం “వచ్చేవారం వస్తా” అని చెప్పి వచ్చాను. అది ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. గొడుగు గురించి నీతో తగవు పెట్టుకున్నప్పుడల్లా ఆ గది గుర్తొచ్చేది.

ఇరవై ఎనిమిది పెట్టేసుకోమని రాశాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అబద్ధం లెక్క మీద నీ డిగ్రీ నిలబడకూడదు. ఉన్నదున్నట్టు రాయి. ఆ గడి ఎవరు వేశారో కూడా రాయి. పెద్దసారు నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ.

తప్పు చేసిన వదిన


స్టాఫ్ రూమ్, కిటికీ పక్క బల్ల
నవంబరు ఆఖరు

మా గొప్ప లెక్కల మనిషికి,

అవును, ఇప్పటికీ గొప్పే. నోరు మూసుకుని చదువు.

ప్రాజెక్టు తిరగరాశాను. పేరు మార్చాను: “మా బడికి టైమ్ టేబుల్ ఎందుకు కుదరదు?” గైడు ఎగిరి గంతేశాడు, అంత నోరులేని మనిషి! కానీ దాంట్లో వివరాలు నిజమేనని పెద్దసారు సంతకం పెట్టాలి. ఆయన సంతకం లేకపోతే నాలుగేళ్లూ నీళ్లపాలే. ఆరేళ్లుగా మీరు పొగిడే క్లాసులో టీచరే లేరని రాసిన కాగితం మీద ఆయన చేతే సంతకం పెట్టించాలి! ఆయన గది బయట పది నిమిషాలు నిలబడ్డాను.

ఆయన చదివారు. స్క్రిబ్లింగ్ ప్యాడ్ లాక్కుని గుణించారు. మళ్లీ గుణించారు. పెన్ను మార్చి మూడోసారి గుణించారు. ఏడువందల యాభై ఆరు, ఏడువందల యాభై ఐదు.

“అయితే గురువారం ఎనిమిది-బిలో ఎవరుంటున్నారమ్మా?”

“ఒక గొడుగు ఉంటోంది సార్.”

నీ సంగతీ చెప్పాను, నువ్వు చెప్పమన్నావుగా. తిట్టలేదు. “ఆవిడ అడిగింది. నేనే వచ్చే నెల అన్నాను” అన్నారు. తర్వాత ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వారు. “నేనింకో పీరియడ్ తీసుకుంటే సరిపోయేది కదమ్మా! ఒక్కటంటే ఒక్కటి!” సంతకం పెట్టి, తన పేరు ఎదురుగా ఉన్న ఒకటిని కొట్టేసి రెండు వేశారు. ఆ కాగితం అలాగే ఇచ్చేశాను.

ఆ రెండు ఎక్కించి ప్రోగ్రామ్ నొక్కాను. నాలుగు సెకన్లు, వదినా! నాలుగే సెకన్లలో బడంతా తెర మీద పరుచుకుంది. మా ఆయన్ని పిలిచి చూపించేలోపే అయిపోయింది. ఆయన ఇప్పటికీ నమ్మడం లేదు.

ఇక నిన్న వైవా. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు అన్నీ అడిగి, చివరికి “ఈ పద్ధతి మీకు ఎక్కడ తట్టింది?” అన్నాడు. ఎనిమిది-బి మూడో బెంచీలో అని చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆ వాక్యాలు చదవమన్నాడు. నాలుగూ చదివాను. “ఆ పిల్ల ప్రాజెక్టు ఎప్పుడిస్తుంది?” అన్నాడు. పాస్! ఫస్ట్ క్లాస్! బయటికి రాగానే మా పొడుగు సైన్సు మాస్టారు వరండాలో ఈల వేశారు. చిటికెనవేలు చూపించే మనిషి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల!

ఎనిమిది-బికి అంతా చెప్పేశాను. ముందు గోల చేశారు, ఆ తర్వాత బుద్ధిగా కూర్చుని నీకొక కాగితం రాసిచ్చారు. విప్పకుండా ఇందులో పెడుతున్నాను.

నీ ఎమ్మెస్సీ ఆడపడుచు


ఎనిమిది-బి గది
గురువారం, ఆరో పీరియడ్

గౌరవనీయులైన గొడుగు టీచర్ గారికి,

మీరు వేసిన లెక్క తప్పని మా క్లాసు పిల్ల కనిపెట్టింది. మీరు బాధపడొద్దు, మాక్కూడా తప్పులు వస్తాయి. పదహారుతో ఇరవై నిమిషాల్లో వచ్చేసింది. పన్నెండు రకాలుగా గీశాం. దేన్నీ చెరపలేదు, మీరు వచ్చి చూస్తారని.

ఇప్పుడు పెద్దసారు వస్తున్నారు. మంచివారే కానీ మాట్లాడమంటున్నారు, మాకు అలవాటు లేదు. ఆయన కుర్చీలో కూర్చోవడం లేదు, గొడుగు ఉందని నిలబడుతున్నారు.

గొడుగుని మేం వాడలేదు. ఒక్కసారి వాన గట్టిగా పడితే ఆరుగురం వాడాం. క్షమించండి.

మీరు వచ్చేవారం వస్తానన్నారట. ఏ వారమో చెప్పలేదు కాబట్టి మీరు ఆలస్యం చేశారని మేం అనుకోవడం లేదు.

మీ విద్యార్థులు, నలభై ఒక్కరు


బాల్కనీ, సూట్‌కేసు పక్కన
డిసెంబరు, ఆదివారం

అమ్మాయీ,

నీ పాసు సంగతి మీ అన్నయ్య ఇస్త్రీ అతనికి చెప్పారు. అతను “ఇంకా పెద్ద డాక్టరు అయ్యారా” అన్నాడట. అవునన్నారట.

ఇక్కడ నేను పనిచేసే బడిలో సెలవు చీటీ ఇచ్చేశాను. కారణం రాసే చోట చాలాసేపు ఆలోచించి, “క్లాసు ఉంది” అని రాశాను. మా హెడ్మాస్టరు ఏం అర్థమైందో ఏమో సంతకం పెట్టేశారు.

పెద్దసారుకి చెప్పు, ఈ గురువారానికి ఆయన్ని వరండాలోనే ఉండమను. పిల్లలకి ముందుగా చెప్పకు. నువ్వు ఒక్క పనిచెయ్యి. నీ ఇంట్లో ఉన్న ఆ దుప్పటంత ఛార్టుని స్టాఫ్ రూమ్ గోడకి తగిలించి, ఇరవై ఎనిమిదో నంబరు ఎదురుగా నేను రాసిన మాట కొట్టేసి, “వచ్చారు” అని రాసిపెట్టు. ఆరో పీరియడ్ గంట కొట్టేలోపు రాయాలి.

వదిన